వన్ నో ట్రంప్ తర్వాత ప్రతి పాటకూ ఒక ధర

ఇస్పేట్లు 8 5 2. ఆఠీన్లు జాకీ 9 7 6 4 3. డైమన్లు 10 6. కళావర్లు 7 2. పదమూడు ముక్కల్లో బొమ్మ ఒక్కటే, అదీ జాకీ. ఎదురుగా కూర్చున్న పార్ట్‌నర్ వేలంపాటలో "వన్ నో ట్రంప్" అన్నారు, అంటే తురుపు రంగు లేకుండా ఏడు పట్లు తీస్తామని. పక్కవారు పాస్ అన్నారు. బ్రిడ్జ్ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు చాలామంది ఇలాంటి చెయ్యి చూడగానే, ఇందులో చెప్పడానికేముంది అనుకుని తామూ పాస్ అనేస్తారు. నిజానికి ఈ చేతితో మాట్లాడి తీరాలి. రాజులూ ఆసులూ నిండుగా ఉన్న చెయ్యి ఎలాగోలా మంచి చోటికే చేరుతుంది. ఏమీ లేని చెయ్యే ఒప్పందాల మీద ఆధారపడి బతుకుతుంది.

పార్ట్‌నర్ చేతిలో ఏముందో చూద్దాం. ఇస్పేట్లు ఆసు, రాణి, 6. ఆఠీన్లు రాణి, 8. డైమన్లు రాజు, రాణి, 7, 3. కళావర్లు ఆసు, 9, 8, 5. ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున లెక్కేస్తే సరిగ్గా 17 పాయింట్లు. పట్టంటే నలుగురూ తలా ఒక ముక్క వేసే రౌండు గెలవడం. వన్ నో ట్రంప్‌లోనే ఆట ఆగిపోతే ఏడు పట్లు కావాలి. డమ్మీలో, అంటే బల్ల మీద పరిచే మన చేతిలో, ఆరు ఆఠీన్లు ఉన్నా వాటిని అందుకోవడానికి దారి లేదు. ఇస్పేట్లలో ఒకటో రెండో, డైమన్లలో ఒకటి, కళావరు ఆసు ఒకటి, అదృష్టం బాగుంటే ఇంకొకటి. నాలుగైదు పట్లు దాటడం కష్టం. అదే ఆఠీను తురుపైతే డమ్మీలోని చిన్న ముక్కలకి ప్రాణం వస్తుంది. ప్రత్యర్థుల దగ్గరున్న ఐదు ఆఠీన్లు మూడు–రెండుగా చీలితే, ఆసుకీ రాజుకీ, ఒక్కోసారి పదికీ పట్లు పోయినా మిగతా మూడో నాలుగో మనవే. 3–2 చీలికకి అవకాశం దాదాపు 68 శాతం. బయటి పట్లు కలుపుకుంటే మొత్తం ఏడెనిమిది. రెండు ఆఠీన్ల పాట (ఎనిమిది పట్లు) నెగ్గితే ప్లస్ 110, ఒక పట్టు తగ్గినా మైనస్ 50. వన్ నో ట్రంప్‌లో రెండు పట్లు తగ్గితే మైనస్ 100. వల్నరబుల్ అయితే, అంటే బోనసులూ నష్టాలూ పెరిగే వంతులో ఉంటే, ఆ నష్టాలు రెట్టింపు. ముక్కలు మారలేదు, ఆగిన చోటు మారింది, అంతే.

తెలుగు ఇళ్లలో పేకాటంటే రమ్మీయే గుర్తొస్తుంది కాబట్టి ఒక మాట చెప్పుకోవాలి. బ్రిడ్జ్‌లో ఆట మొదలయ్యే ముందు వేలంపాట ఉంటుంది. ఎన్ని పట్లు తీస్తామో, ఏ రంగు తురుపుగానో పాడాలి. తురుపు లేకుండా పాడితే అది నో ట్రంప్. ప్రతి పాటలోనూ పైకి చెప్పే అంకెకి ఆరు కలపాలి, అంటే "వన్" అంటే ఏడు పట్లు, "త్రీ" అంటే తొమ్మిది. జతలోని ఇద్దరూ ఒకరి ముక్కలు ఒకరు చూడలేరు. కాబట్టి ఈ వేలంపాటే వాళ్లిద్దరి మధ్య భాష. ఒకటి నుంచి ఏడు దాకా, ఐదు రకాల చొప్పున ఆ భాషలో ఉన్న పాటలు మొత్తం 35. వాటికి తోడు పాస్, ప్రత్యర్థి పాట మీద పందెం పెంచే డబుల్, దాన్ని ఇంకా పెంచే రీడబుల్. అంత చిన్న నిఘంటువుతో 635 బిలియన్లకు పైగా ఉన్న పదమూడు ముక్కల చేతుల్ని వర్ణించాలి. బ్రిడ్జ్‌లోని ఒప్పందాలన్నీ పుట్టింది ఈ ఇరుకులోంచే.

మిగతా ఓపెనింగులతో, అంటే వేలం మొదలుపెట్టే పాటలతో, పోలిస్తే వన్ నో ట్రంప్ ప్రత్యేకమైనది. అది ఒక్క ముక్కలో కథంతా చెప్పేస్తుంది. నేటి ప్రామాణిక పద్ధతిలో 15 నుంచి 17 పాయింట్లు, ముక్కలు సమంగా పడ్డ చెయ్యి. సమంగా అంటే ఒక రంగులో మూడు, ఇంకోదాంట్లో నాలుగు, అలా. 4-3-3-3, 4-4-3-2, 5-3-3-2 అనే మూడు ఆకారాలు. పంచిన చేతుల్లో దాదాపు 47.6 శాతం ఈ మూడింట్లోనే పడతాయి. పూర్వం 16–18 వాడేవారు. బ్రిటన్‌లో పుట్టిన ఏకోల్ పద్ధతిలో 12–14. ఏ లెక్కైనా సూత్రం ఒకటే. ఓపెనర్ మూడు పాయింట్ల ఇరుకులో తన చేతిని చూపించేశారు, ఇక ఎక్కడ ఆగాలో తేల్చవలసింది జవాబిచ్చే పార్ట్‌నర్, అంటే రెస్పాండర్. కెప్టెన్సీ చేతులు మారింది. ఆ తర్వాత వచ్చే ఒప్పందాలన్నీ ఈ కెప్టెన్ ప్రశ్నలడగడానికో, ఓపెనర్‌కి ఆజ్ఞ ఇవ్వడానికో ఉన్నవే.

కెప్టెన్‌కి మామూలుగా ఎన్ని పాయింట్లుంటాయో చూడండి. మొత్తం పేకలో 40 పాయింట్లు. ఓపెనర్ దగ్గర 16 అనుకుంటే మిగిలినవి 24, ముగ్గురికి పంచితే తలా 8. గేమ్‌కి, అంటే పెద్ద బోనస్ తెచ్చే పాటకి, ఇద్దరి దగ్గరా కలిపి 25 చుట్టూ కావాలన్నది వాడుక లెక్క. అంటే సగటు చెయ్యి సరిగ్గా గోడ మీద కూర్చుంటుంది. ఎనిమిదికి గేమ్ పాడాలా, బలముంటే గేమ్ పాడమని ఓపెనర్‌కి ఆహ్వానం పంపాలా, ఊరుకోవాలా? ఈ గోడ మీద చేతులే ఎక్కువగా వస్తాయి గనుక, వాటికి చక్కగా సరిపోయే భాష కావాలి. స్కోరింగ్ కూడా ఒక వైపు లాగుతుంది. గేమ్‌కి స్కోరులో వంద విలువైన కాంట్రాక్ట్, అంటే చివరికి నిలిచిన పాట, కావాలి. నో ట్రంప్‌లో మొదటి పట్టుకి 40, తర్వాతివాటికి 30. ఇస్పేటు, ఆఠీను అనే మేజర్ రంగుల్లో పట్టుకి 30. కళావరు, డైమను అనే మైనర్లలో 20. కాబట్టి గేమ్‌కి నో ట్రంప్‌లో తొమ్మిది పట్లు, మేజర్‌లో పది, మైనర్‌లో పదకొండు కావాలి. గేమ్‌కి 300 లేదా 500 బోనస్, అంతకు తక్కువ కాంట్రాక్టుకి 50 మాత్రమే. ఈ అంకెలు చూశాక కెప్టెన్ ముందుగా ఏం అడగాలో తెలిసిపోతుంది: మన ఇద్దరికీ కలిపి మేజర్‌లో ఎనిమిది ముక్కలున్నాయా?

ఆ ప్రశ్న అడగడానికి ఉన్న చోటు చిన్నది. వన్ నో ట్రంప్‌కీ త్రీ నో ట్రంప్‌కీ మధ్య తొమ్మిది మెట్లు. ఏ మెట్టుకి కొత్త అర్థం ఇచ్చినా, దాని పాత అర్థం వదులుకోవాలి. ఒప్పందాల్ని పొగిడేటప్పుడు జనం మర్చిపోయేది ఇదే. ప్రతి కన్వెన్షన్ ఒక బేరం. ఏం కొన్నాం, ఏం అమ్ముకున్నాం అన్నది చూడకుండా దాని మంచిచెడ్డలు తేల్చలేం.

మొదటి బేరం స్టేమన్. వన్ నో ట్రంప్ మీద రెండు కళావర్లు పాడితే కళావర్లున్నాయని కాదు, "నాలుగు ముక్కల మేజర్ ఉందా?" అని అడిగినట్టు. ఉంటే ఓపెనర్ ఆ రంగు చెబుతారు, లేకపోతే రెండు డైమన్లు అంటారు. ఇది అమెరికాలో శామ్యూల్ స్టేమన్ పేరుతో నిలిచిపోయింది. 1945లో ఆయన బ్రిడ్జ్ వరల్డ్ పత్రికలో దీని గురించి రాశారు. ఆలోచన మాత్రం ఆయన పార్ట్‌నర్ జార్జ్ రాపేది. ఇంగ్లండ్‌లో జాక్ మార్క్స్ దీన్ని స్వతంత్రంగా 1939లోనే కనిపెట్టినా, అది అచ్చయ్యేసరికి 1946 అయింది. ఒకే అవసరం రెండు దేశాల్లో ఒకే జవాబు పుట్టించిందంటే, ఆ అవసరం ఎంత గట్టిదో అర్థమవుతుంది.

ఆ గట్టిదనం ఒక చేతిలో చూపించవచ్చు. ఓపెనర్ దగ్గర ఇస్పేట్లు రాజు, జాకీ, 7, 3. ఆఠీన్లు ఆసు, రాణి, 5. డైమన్లు 8, 4. కళావర్లు ఆసు, రాజు, 9, 6. ఇది 17. రెస్పాండర్ దగ్గర ఇస్పేట్లు ఆసు, రాణి, 8, 4. ఆఠీన్లు రాజు, 9, 6, 3. డైమన్లు 7, 5. కళావర్లు రాణి, 8, 2. ఇది 11. కలిపితే 28, గేమ్‌కి కావలసినదానికంటే మూడు ఎక్కువే. నేరుగా త్రీ నో ట్రంప్ పాడితే? ప్రత్యర్థి డైమను వేస్తారు. వాళ్ల దగ్గర తొమ్మిది డైమన్లున్నాయి, ఐదు–నాలుగుగా చీలినా వరసగా ఐదు పట్లు లాగేస్తారు. చేతిలో ఆసులూ రాజులూ ఉండగానే కాంట్రాక్ట్ పోయింది. స్టేమన్ అడిగితే ఓపెనర్ రెండు ఇస్పేట్లు అంటారు, కెప్టెన్ నాలుగు ఇస్పేట్లు పాడతారు. ఇప్పుడు డైమన్లలో రెండే పట్లు పోతాయి, మూడో డైమను వస్తే తురుపుతో కొట్టేయవచ్చు. ప్రత్యర్థుల తురుపులు 3–2గా ఉంటే మూడు రౌండ్లలో లాగేసి, ఆఠీన్లలో మూడు, కళావర్లలో మూడు తీసుకుని, మిగిలిన నాలుగో కళావర్ని డమ్మీలో తురుపుతో, డమ్మీలోని నాలుగో ఆఠీన్ని చేతిలో తురుపుతో కొడితే మొత్తం పదకొండు. నాలుగూ నాలుగుగా కుదిరిన తురుపు రంగులో ఉన్న మహత్తు అది. రెండు వైపులా ఒక్కొక్క తురుపు మిగిలి, రెండూ వేరువేరు పట్లు తెస్తాయి.

ఈ బేరంలో అమ్ముకున్నదేమిటి? కళావర్లు పొడవుగా ఉన్న బలహీనమైన చేతితో రెండు కళావర్ల దగ్గర ఆగే వీలు పోయింది. అది చిన్న నష్టమే. రెండో ధర ఎక్కువమంది గమనించరు: ప్రత్యర్థులకి సమాచారం అందుతుంది. వన్ నో ట్రంప్, రెండు కళావర్లు, రెండు ఆఠీన్లు, త్రీ నో ట్రంప్ అని పాట సాగితే టేబుల్ దగ్గరున్న నలుగురికీ రెండు సంగతులు తెలిసిపోతాయి. ఓపెనర్‌కి నాలుగు ఆఠీన్లున్నాయి, రెస్పాండర్‌కి నాలుగు ఇస్పేట్లున్నాయి. వన్ నో ట్రంప్, త్రీ నో ట్రంప్ అని రెండే పాటల్లో ముగిస్తే మొదటి ముక్క వేయవలసినవారు చీకట్లో రాయి వేయాలి. అందుకే 4-3-3-3 ఆకారంలో గేమ్ చెయ్యి ఉంటే అనుభవజ్ఞులు చాలామంది స్టేమన్ మానేస్తారు. అలాంటి చేతిలో కొట్టడానికి పొట్టి రంగే లేదు. తురుపు దొరికినా అదనపు పట్టు రావడం అరుదు, సమాచారం మాత్రం ఊరికే పోతుంది.

స్టేమన్ అందం బలహీనమైన చేతిలోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఇస్పేట్లు 9 7 5 3, ఆఠీన్లు రాణి 8 6 2, డైమన్లు జాకీ 9 7 4 3, కళావర్లు అసలే లేవు. మూడే పాయింట్లు. ఇక్కడ రెండు కళావర్లు పాడి, ఓపెనర్ ఏం చెప్పినా పాస్ అనాలి. ఇస్పేట్లంటే మంచిదే, ఆఠీన్లంటే మంచిదే, డైమన్లంటే ఐదు ముక్కలున్నాయి. ప్రశ్న అడిగింది గేమ్ కోసం కాదు, తప్పించుకోవడానికి. దీనికి బ్రిడ్జ్‌లో గార్బేజ్ స్టేమన్ అనే పేరుంది. పేరు చెత్తదైనా పని గొప్పది. దీనికి ఓపెనర్ నుంచి క్రమశిక్షణ కావాలి. జవాబు రెండో స్థాయి దాటకూడదు, ఎంత మంచి చెయ్యి ఉన్నా.

ఒప్పందం సగంలో ఆగిపోయే చోటు కూడా ఇక్కడే ఉంది. రెండు కళావర్లు, రెండు డైమన్లు అయ్యాక రెస్పాండర్ రెండు ఆఠీన్లు పాడారనుకోండి. కొందరికి అది "రెండు మేజర్లూ ఉన్నాయి, చెయ్యి బలహీనం, నీకు ఏది పొడవుంటే అక్కడ ఆగు" అని. మరికొందరికి "ఐదు ఆఠీన్లు, నాలుగు ఇస్పేట్లు, గేమ్‌కి ఆహ్వానం" అని. ఓపెనర్ 17తో కూర్చుని ఒకటనుకుని గేమ్‌కి దూకితే, ఎదుట నాలుగు పాయింట్ల చెయ్యి పరుచుకుంటుంది. "మనం స్టేమన్ ఆడదాం" అని పార్ట్‌నర్లు ఒక్క మాటలో ఒప్పుకోవడం దాదాపు ఏమీ ఒప్పుకోనట్టే. ఆ పేరు కింద కనీసం ఆరేడు ప్రశ్నలున్నాయి.

రెండో బేరం ట్రాన్స్‌ఫర్. మొత్తం బ్రిడ్జ్‌లో ఇంత చవగ్గా దొరికిన సరుకు ఇంకోటి లేదనవచ్చు. రెండు డైమన్లు పాడితే "ఆఠీన్లున్నాయి, నువ్వు రెండు ఆఠీన్లు పాడు" అని ఆజ్ఞ. రెండు ఆఠీన్లు పాడితే "రెండు ఇస్పేట్లు పాడు". కనీసం ఐదు ముక్కలుండాలి. పాయింట్లు సున్నా కావచ్చు, ఇరవై కావచ్చు. 1956లో ఆస్వాల్డ్ జాకోబీ దీన్ని అమెరికాలో ప్రచారంలోకి తెచ్చారు. అంతకు కొన్నేళ్ల ముందే స్వీడన్‌లో ఒలే విల్నర్ దీని గురించి రాశారు. పేరు మాత్రం జాకోబీకే దక్కింది.

ట్రాన్స్‌ఫర్ లాభమనగానే అందరూ చెప్పేది, బలమైన చెయ్యి దాగి ఉంటుందని. మొదట చూసిన చేతికే తిరిగి వెళ్దాం. ఓపెనర్ దగ్గర ఇస్పేట్లు ఆసు, రాణి, 6. ఓపెనర్ ఆడుతుంటే మొదటి ముక్క ఎడమవైపు ప్రత్యర్థి వేస్తారు, తర్వాత బలహీనమైన డమ్మీ, తర్వాత కుడివైపు ప్రత్యర్థి, చివరగా ఓపెనర్. ఇస్పేటు వస్తే రాజు ఎవరి దగ్గరున్నా సరే, ఆసుకీ రాణికీ రెండు పట్లూ ఖాయం. అదే రెస్పాండర్ ఆడుతుండి ఆసు–రాణి డమ్మీలో పరుచుకుంటే, మొదటి ముక్క వాటిమీదుగా వెనకవారి రాజు వైపు వెళుతుంది. రాజు వెనక ఉంటే రాణి పోయినట్టే. పైగా 17 పాయింట్లూ ప్రత్యర్థుల కళ్లముందు తెరిచి పెట్టినట్టవుతుంది.

ఇది నిజమైన లాభమే. అయినా అసలు లాభం ఇది కాదు. అసలు లాభం రెస్పాండర్‌కి రెండో అవకాశం దొరకడం. ట్రాన్స్‌ఫర్లు రాకముందు రెండు ఆఠీన్లు పాడితే అది "ఇక్కడే ఆగు" అనే. గేమ్ బలం ఉంటే మూడు ఆఠీన్లకి దూకాలి. మధ్యలో ఎనిమిది పాయింట్లు, ఐదు ఆఠీన్లు ఉన్న చేతికి చెప్పుకోడానికి సరైన మాటే లేదు. ట్రాన్స్‌ఫర్‌తో ఓపెనర్ తప్పనిసరిగా మళ్లీ పాడతారు కాబట్టి రెస్పాండర్‌కి మళ్లీ వంతు వస్తుంది. అప్పుడు పాస్ అంటే బలహీనం. టూ నో ట్రంప్ అంటే ఐదు ముక్కలు, ఆహ్వానం. త్రీ నో ట్రంప్ అంటే "గేమ్ ఖాయం, నో ట్రంపో మేజరో నువ్వు ఎంచుకో". మూడు ఆఠీన్లంటే ఆరు ముక్కలు, ఆహ్వానం. కొత్త రంగు పాడితే గేమ్ దాకా ఆగేది లేదు. ఒక్క మెట్టు ఖర్చుపెట్టి ఐదు వేరువేరు చేతుల్ని విడదీశారు. పోయింది బలహీనమైన చేతితో రెండు డైమన్ల దగ్గర ఆగడం ఒక్కటే.

ఓపెనర్ ఆజ్ఞ పాటించక తప్పదు, ఒకే ఒక మినహాయింపుతో. ఆ రంగులో నాలుగు ముక్కలు, పాయింట్లు గరిష్ఠంగా ఉంటే మూడో స్థాయికి దూకవచ్చు. దీన్ని సూపర్ యాక్సెప్ట్ అంటారు. తొమ్మిది తురుపులుంటే మూడో స్థాయిలో పెద్ద ప్రమాదం ఉండదన్న నమ్మకం దాని వెనక ఉంది. రెస్పాండర్ సున్నాతో ఉన్నప్పుడు ఆ దూకుడు ఒక్కోసారి దెబ్బతీస్తుంది, కానీ సున్నా చేతుల కంటే ఆరేడు పాయింట్ల చేతులే ఎక్కువ వస్తాయి కాబట్టి దీర్ఘకాలంలో లాభమే.

ఆహ్వానాల సంగతి చాలా జతలు మళ్లీ ఆలోచించుకోవలసినది. జట్ల పోటీల్లో వల్నరబుల్‌గా ఉన్నప్పుడు లెక్క చూడండి. త్రీ నో ట్రంప్ పాడి నెగ్గితే 600, పాడకుండా అవే తొమ్మిది పట్లు తీస్తే 150. తేడా 450, అంటే 10 ఐఎంపీలు (జట్ల పోటీల్లో స్కోరు తేడాని మార్చి లెక్కేసే పాయింట్లు). పాడి ఒక పట్టు తగ్గితే మైనస్ 100, టూ నో ట్రంప్‌లో ఆగి ఎనిమిది తీసుంటే ప్లస్ 120. తేడా 220, అంటే 6 ఐఎంపీలు. గెలుపు పది, ఓటమి ఆరు. కాబట్టి 37.5 శాతం అవకాశం ఉంటే చాలు, గేమ్ పాడటమే సరి. వల్నరబుల్ కానప్పుడు అదే లెక్క ఆరుకి ఐదు, అంటే దాదాపు 45 శాతం. ఆహ్వానానికి ఇంకో మూల్యం కూడా ఉంది. ఓపెనర్ కాదన్నప్పుడు ఎనిమిది పట్లు కూడా రాని సందర్భాలుంటాయి, వన్ నో ట్రంప్‌లో ఉండుంటే నెగ్గేవాళ్లం. వల్నరబుల్‌లో ఐదు ముక్కల రంగున్న ఎనిమిదితో గేమ్ పాడేయడం, ఆకారం లేని ఎనిమిదితో ఊరుకోవడం, ఈ రెండూ సగం సగం ఆహ్వానం కంటే మంచి ఫలితమిస్తాయి.

మైనర్ల దగ్గర జతలు అనవసరంగా చాలా సమయం పెడతాయి. రెండు ఇస్పేట్లు, టూ నో ట్రంప్ అనే రెండు మెట్లు మిగిలాయి. అమెరికా ప్రామాణిక ఎల్లో కార్డ్ పద్ధతిలో రెండు ఇస్పేట్లు పాడితే ఓపెనర్ మూడు కళావర్లు అనాలి. రెస్పాండర్ పాస్ అంటారు, లేదా మూడు డైమన్లకి మార్చుకుంటారు. ఇది సులువు, మర్చిపోవడం కష్టం. నాలుగు రంగుల ట్రాన్స్‌ఫర్లంటే రెండు ఇస్పేట్లు కళావర్లకి, టూ నో ట్రంప్ డైమన్లకి. అప్పుడు మామూలు ఆహ్వానం చెప్పడానికి టూ నో ట్రంప్ ఉండదు, స్టేమన్ గుండా వెళ్లాలి. మేజర్ లేకపోయినా రెండు కళావర్లు పాడాలి, ఓపెనర్ తన మేజర్‌ని ప్రత్యర్థులకి చూపించక తప్పదు. ఐదు కళావర్లు, పది పాయింట్లు ఉంటే ఈ గొడవంతా అక్కర్లేదు. పదకొండు పట్ల కోసం తిరగడం కంటే తొమ్మిది పట్ల త్రీ నో ట్రంప్ దగ్గరికి నేరుగా వెళ్లడమే మేలు. మైనర్ ట్రాన్స్‌ఫర్ విలువ స్లామ్ (పన్నెండు లేదా పదమూడు పట్ల పాట) దగ్గరా, ఆరు ముక్కల బలహీనమైన చేతి దగ్గరా మాత్రమే.

స్లామ్ దగ్గర మొదట తెలియవలసింది ఫోర్ నో ట్రంప్ ఆసులడగడం కాదని. వన్ నో ట్రంప్ మీద నేరుగా పాడిన ఫోర్ నో ట్రంప్ ఆహ్వానం. గరిష్ఠంగా ఉంటే ఆరుకి వెళ్లు, కనిష్ఠంగా ఉంటే ఆగు. పన్నెండు పట్లకి 33 పాయింట్లు, పదమూడుకి 37 అన్న లెక్కలో ఒక చక్కటి తర్కం ఉంది. మన దగ్గర 33 ఉంటే వాళ్ల దగ్గర 7. రెండు ఆసులకి 8 కావాలి, కాబట్టి రెండు ఆసులు వాళ్ల దగ్గర ఉండే వీల్లేదు. 37 ఉంటే వాళ్ల దగ్గర 3, ఒక్క ఆసు కూడా లేదు. ఆసులు నిజంగా అడగాలంటే నాలుగు కళావర్లు. 1938లో హ్యూస్టన్‌కి చెందిన జాన్ గెర్బర్ ప్రవేశపెట్టిన పద్ధతి ఇది. జవాబులు మెట్టు మెట్టుగా: డైమన్లంటే సున్నా లేదా నాలుగు, ఆఠీన్లంటే ఒకటి, ఇస్పేట్లంటే రెండు, నో ట్రంప్ అంటే మూడు. నో ట్రంప్ మీద వెంటనే పాడినప్పుడు మాత్రమే దీన్ని ఆసుల ప్రశ్నగా ఉంచుకుని, మిగతా చోట్ల నాలుగు కళావర్లకి కళావర్ల అర్థమే వదిలేస్తే గందరగోళం చాలావరకు తగ్గుతుంది.

ఇంతవరకు చెప్పినదంతా ప్రత్యర్థి నోరు మూసుకున్నప్పటి మాట. నిజం ఆటలో వాళ్లు ఊరుకోరు. వన్ నో ట్రంప్ మీద వెంటనే రెండు ఇస్పేట్లు పడ్డాయనుకోండి. స్టేమన్, ట్రాన్స్‌ఫర్ రెండూ పోయాయి. రెస్పాండర్ దగ్గర ఆఠీన్లు రాజు, జాకీ, 10, 7, 5, 2, మొత్తం ఐదు పాయింట్లు. మూడు ఆఠీన్ల దగ్గర ఆగాలి. ఇంకో రోజు అవే ఆఠీన్లతో పన్నెండు పాయింట్లు ఉంటాయి, అప్పుడు మూడు ఆఠీన్లు పాడితే పార్ట్‌నర్ పాస్ అనకూడదు. ఒక్క పాటకి రెండు విరుద్ధ అర్థాలు మోయడం సాధ్యం కాదు. లెబెన్‌సోల్ అనే ఒప్పందం ఇక్కడ టూ నో ట్రంప్‌ని బలిపెడుతుంది. టూ నో ట్రంప్ అంటే "మూడు కళావర్లు పాడు". ఆ తర్వాత రెస్పాండర్ మూడు ఆఠీన్లంటే అక్కడ ఆగాలి. నేరుగా మూడు ఆఠీన్లంటే గేమ్ దాకా వెళ్లాలి. త్రీ నో ట్రంప్‌కి కూడా రెండు దారులు: టూ నో ట్రంప్ గుండా నెమ్మదిగా వస్తే ప్రత్యర్థి రంగులో అడ్డు ముక్క ఉంది, నేరుగా వస్తే లేదు. దీని పేరు కెనెత్ లెబెన్‌సోల్డ్ అనే ఆటగాడి నుంచి వచ్చింది, అదీ తప్పు అక్షరాలతో. తాను దీన్ని కనిపెట్టలేదని ఆయనే చెప్పారు.

ఆహ్వానానికి వాడే టూ నో ట్రంప్ ఇక్కడ పోయింది, దాన్ని డబుల్‌తో కొంత పూడ్చుకోవచ్చు. కానీ డబుల్ అంటే ఏమిటి? పాత పద్ధతిలో "వాళ్లని శిక్షించు", ఇప్పుడు చాలామందికి "మిగతా రంగులు నా దగ్గరున్నాయి, నువ్వు చెప్పు". ఇద్దరూ ముందే మాట్లాడుకోకపోతే, ఇస్పేట్లలో రెండే ముక్కలున్న పార్ట్‌నర్ శిక్ష అనుకుని పాస్ అంటారు, ప్రత్యర్థి హాయిగా ఎనిమిది పట్లు లెక్కపెట్టుకుంటారు. వాళ్లు రెండు కళావర్లు పాడితే ఇంకో చిక్కు. అది నిజంగా కళావర్లైతే డబుల్‌ని స్టేమన్‌గా వాడుకుని, మిగతాదంతా యథాతథంగా ఉంచవచ్చు. కానీ అది ల్యాండీ అయితే, అంటే రెండు మేజర్లూ ఉన్నాయని వాళ్లే చెబుతుంటే, మనం మేజర్ల కోసం వెతకడంలో అర్థమే లేదు. అక్కడ డబుల్‌కి బలం చూపించే అర్థం ఇవ్వడం మంచిది.

ఇక మతిమరుపు. ట్రాన్స్‌ఫర్ ఒప్పుకున్న జతలో ఒకరు అది మర్చిపోయి, ఆరు డైమన్లున్న బలహీనమైన చేతితో రెండు డైమన్లు పాడటం ప్రపంచమంతా జరుగుతుంది. టేబుల్ దగ్గర ఓపెనర్ "ట్రాన్స్‌ఫర్" అని పైకి ప్రకటిస్తారు, రెండు ఆఠీన్లు పాడతారు. అప్పుడు మర్చిపోయినవారికి గుర్తొస్తుంది. ఇక్కడ నిబంధన చాలా కఠినం, చాలా న్యాయం కూడా. పార్ట్‌నర్ ప్రకటన వల్ల తెలిసినదాన్ని వాడుకోకూడదు. ఆ ప్రకటన వినలేదన్నట్టే, తాము సహజంగా డైమన్లు పాడామనే భావించి ముందుకి వెళ్లాలి. ఆ దృష్టిలో పార్ట్‌నర్ రెండు ఆఠీన్లంటే, ఆగమన్నా ఆగకుండా మంచి చేతితో ఆఠీన్లు చూపిస్తున్నట్టు. కాబట్టి గాభరాగా మూడు డైమన్లకి పారిపోవడం తప్పు. ఆన్‌లైన్ ఆటలో ఎవరి పాటకి వాళ్లే వివరణ రాస్తారు, అది ప్రత్యర్థులకి మాత్రమే కనిపిస్తుంది. అక్కడ మర్చిపోయినవారిని లేపే గొంతే లేదు. రెండు ఆఠీన్లు తెరమీద పడతాయి, ఆ ఆరు డైమన్లు చేతిలో అలాగే ఉంటాయి, పార్ట్‌నర్ ఎందుకలా పాడారో అర్థం కాక ఒక నిమిషం గడిచిపోతుంది.